పూత మీద చెయ్యి

"ఏమే, ఫ్యాన్లు కట్టెయ్యనా?"

"అప్పుడే ఎందుకండీ, ఉడికిపోతాం. కాసేపాగి కట్టెయ్యండి."

మా ఆయనా నేనూ ఆఖరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇంకేం లేవు. అన్నేళ్ళు కాపరం చేసి చివరికి ఫ్యాన్ల గురించి మాట్లాడుకున్నాం. మనిషి పోయేముందు ఏదో ఒకటి చెప్పి పోతాడంటారు. పోతున్నానని తెలిస్తే కదండీ చెప్పడానికి! ఆయన మోటారు షెడ్డు వైపు నడిచేరు, నేను కుండీల వైపు తిరిగేను. వెనక్కి కూడా చూడలేదు. ఎందుకు చూస్తాను? టీ వేళకి మళ్ళీ కనపడే మనిషే కదా.

నాకు సంతకం చెయ్యడం వచ్చు, అంతకంటే రాదు. నేను చెప్తుంటే మా మరిది కూతురు రాస్తోంది. బాగుచెయ్యకుండా నేను అన్నది అన్నట్టు రాయమ్మా అన్నాను. గ్రీన్‌హౌసుల్లో కొత్తగా చేరే పిల్లలు చదువుకోడానికి పాత పనివాళ్ళ చేత నాలుగు ముక్కలు చెప్పిస్తున్నారట. నా దగ్గర చెప్పడానికి ఇదొక్కటే ఉంది. కాబట్టి బాబూ, అమ్మా, ఇది మీకే చెప్తున్నాను.

మాది కొల్లేరు లంకల్లో ఊరు. చేలన్నీ చేపల చెరువులైపోయాక మాకు చేలో పని లేకుండా పోయింది. అప్పుడు ఇద్దరం తాడేపల్లిగూడెం వైపు వచ్చి యూనివర్సిటీలో కూలికి కుదిరేం. ఆయనకి మోటార్లు, ఫ్యాన్లు, నీళ్ళు కలపడం. నాకు మొదట్లో మట్టి జల్లెడ పట్టడం, కుండీలు నింపడం. తర్వాత చెయ్యి నిలకడగా ఉందని క్రాసింగు నేర్పేరు. ఒక మొక్క పుప్పొడి తీసి ఇంకో మొక్క పువ్వులో వేసే పని. నా పక్క బల్ల మీద ఇంకో ఆవిడ చేసేది. ఉంగుటూరు దగ్గర ఊరు. ఆవిడ నోరు తెరిస్తే మూడు గ్రీన్‌హౌసులకి వినపడేది. నన్ను అక్కా అనేది, తిట్టినా అక్కా అనే తిట్టేది.

ఆ రోజుల్లో ఒకమ్మాయి పరిశోధనకి చేరింది. ఏలూరు, సాయిబుల పిల్ల. వాళ్ళ నాన్నగారు టైలరు. మేం మేడమ్ గారూ అంటే ఆ అమ్మాయి నన్ను అత్తా అనేది, మా ఆయన్ని మావయ్యగారూ అనేది. ఆ అమ్మాయి పట్టుకున్న పని మా ఊరి పని. ఎండాకాలం ఉప్పుటేరు కాలవ మీద నుంచి సముద్రపు ఉప్పు ఎక్కొచ్చి కొల్లేటి పక్క చేలు పసుపుబారి చస్తాయి కదా, చచ్చిన చేనుని రైతు చెరువు తవ్వించేస్తాడు. మా లంకల్లో పాతకాలం వడ్లు కొన్ని ఉండేవి, ఉప్పుకి నిలబడతాయి గానీ మనిషెత్తు పెరిగి పడిపోతాయి. పొట్టి రకం పడిపోదు, గింజ బాగా ఇస్తుంది, ఉప్పు తగిలితే బతకదు. ఈ రెండిటినీ కలిపి ఒక్క గింజ చెయ్యాలని ఆ అమ్మాయి తాపత్రయం. ముందు లంకలన్నీ తిరిగి రకరకాల పాత వడ్లు ఏరుకొచ్చి, ఏది నిజంగా ఉప్పుకి ఆగుతుందో చూడ్డానికి ట్రేల్లో పోసింది. ఒక పక్క ట్రేలకి ఉప్పునీళ్ళు, ఇంకో పక్క ట్రేలకి మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు మా ఆయన కలిపి డ్రమ్ములో ఉంచేవారు. ట్రేల్లో పోసే పని నా పక్క బల్ల ఆవిడది.

ఇక్కడ మీకు మా ఆడవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరూ పెట్టింది కాదు. నెలలో బయట ఉండే రోజుల్లో మేం మొక్క ముట్టుకునేవాళ్ళం కాదు. ఇంట్లో మల్లె తీగనీ కరివేపాకునీ ముట్టుకోం చూడండి, అలాగే. మానేస్తే కూలి పోతుంది గనక పనికి వచ్చేవాళ్ళం. ఊడ్చేవాళ్ళం, మట్టి తొక్కేవాళ్ళం. మన మొక్కల్ని మాత్రం పక్క గ్రీన్‌హౌసు ఆవిడకి అప్పజెప్పేవాళ్ళం. ఆవిడకి అవసరమైనప్పుడు మనం చూసేవాళ్ళం. సార్లెవరికీ తెలీదు. ఎవరు చెప్తారండీ మొగాళ్ళకి ఆ సంగతి?

అదే కొంప ముంచింది. పక్క గ్రీన్‌హౌసులో అన్ని మొక్కలకీ కాలవ నీళ్ళే. అక్కడి ఆవిడ మా గ్రీన్‌హౌసులోకి వచ్చి, ట్యూబు పట్టుకుని, ఈ పక్కా ఆ పక్కా అని చూడకుండా అన్ని ట్రేలూ నిండుగా పెట్టి పోయేది. ఉప్పంతా కడిగేసినట్టయ్యేది. ప్రతి నెలా ఇదే. చావాల్సిన మొక్కలు కూడా పచ్చగా లేచి నిలబడ్డాయి.

మొదట్లో ఆ అమ్మాయి ఎంత సంబరపడిందో! "అత్తా, అన్నీ ఉప్పుకి ఆగుతున్నాయి! మీ లంక వడ్లు మామూలువి కావు" అని మాకందరికీ టీ పోయించింది. మేం కూడా మా ఊరి వడ్లు కదా అని పొంగిపోయేం, తాగేం. తర్వాత ఆ అమ్మాయి పని చూసే పెద్దసారు వచ్చి ట్రేలో నీళ్ళకి మీటరు పెట్టి చూసేరు. ఉప్పు లేదు. అప్పుడు మా ఆయన్ని పిలిచేరు.

"ఏమయ్యా, ఇన్నేళ్ళ సర్వీసు, ఉప్పు కలపడం కూడా రాదా? ఒక పిల్ల బతుకుతో ఆడుకుంటావా?"

"సరిగానే కలిపేనండి" అన్నారు ఈయన. ఒకసారే అన్నారు. రెండోసారి అనలేదు. తల వంచుకుని నిలబడ్డారు. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు నా పక్క బల్ల ఆవిడ ఆగలేకపోయింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మట్టి కుప్ప వెనక్కి లాక్కెళ్ళింది.

"ఇదిగో మేడమ్ గారూ, బావగార్ని ఏమీ అనొద్దండి. ఆయన కలిపింది నిక్షేపంలా ఉంది. మేమే. నెలనెలా నేను ముట్టుకోకూడదని పక్క గ్రీన్‌హౌసు ఆవిడతో పోయిస్తున్నాను. ఆవిడ కాలవ నీళ్ళు తిప్పేసింది. నన్నేం చేస్తారో చెయ్యండి."

ఆ అమ్మాయి బోర్లించిన బకెట్టు మీద కూలబడిపోయింది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

"పిన్నిగారూ, మా ఇంట్లో మేం కూడా ఆ రోజుల్లో నమాజు చెయ్యం. నాకు తెలీదా? నాకొక్క ముక్క చెప్తే నేనే పోసేదాన్ని కదా."

"మీరు చదువుకున్నోళ్ళు. నవ్వుతారేమో అనుకున్నామండి."

"నవ్వితే నవ్వుతాను. చెప్పండి. మొక్కలకి తెలీదు అది. కానీ మీ మనసు ఒప్పుకోకపోతే ముట్టుకోకండి, నాతో చెప్పండి చాలు."

పెద్దసారుకి ఏమని చెప్పుకుందో ఆ అమ్మాయే చెప్పుకుంది. ఆయన వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేసి వెళ్ళేరు. కానీ ట్రేలన్నీ పారబోయాల్సి వచ్చింది. మళ్ళీ మొదట్నుంచి పోసింది. ఈసారి ఉప్పు పడేసరికి ఒకటొకటీ మాడిపోయాయి. ఒక్క తొట్టెలో నాలుగు దుబ్బులు మిగిలాయి, మా పక్క లంకలో ఒక ముసలాయన గట్టు మీద నుంచి తెచ్చిన రకం. అప్పటికి ఆ అమ్మాయికి ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఆ దుబ్బులు పూసినప్పుడు క్రాసింగు కుదిరి గింజ కట్టాలి. కట్టకపోతే చదువు అక్కడితో సరి. ఇంకో ఏడు చదివించే ఓపిక వాళ్ళ నాన్నగారికి లేదు. ఆ మాట ఆయనే మా అందరి ముందూ అన్నారు, తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడి, పాపం మెల్లగా.

వరి పువ్వు సంగతి మీకు పుస్తకాల్లో ఉంటుంది. నేను చేత్తో చేసింది చెప్తాను. ముందు రోజు సాయంత్రం పొట్టి రకం వెన్ను, అంటే కంకి, తీసుకుని, ఒక్కో పువ్వు మూతి కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, లోపలి పసుపు పుప్పొడి తిత్తుల్ని సన్న పట్టకారుతో తీసెయ్యాలి. కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కేక లంక వెన్ను విచ్చుకునే వేళకి దాన్ని తెచ్చి దీని మీద మెల్లగా దులపాలి. ఆ కాస్త సేపూ ఫ్యాన్లు ఆపాలి, లేకపోతే పుప్పొడి గాలికి పోతుంది. ఊపిరి కూడా పక్కకి వదిలేవాళ్ళం. చేతికి గాజులుంటే వెన్నుకి తగిలి తిత్తులు చిట్లి దాని పుప్పొడి దానికే పడుతుంది. అందుకని పనికి కూర్చునే ముందు గాజులు తీసి టిఫిన్ మూతలో పెట్టుకుని, లేచేటప్పుడు తొడుక్కునేవాళ్ళం.

ఇప్పుడు ఆ పొద్దు సంగతి. పొట్టి రకాన్ని ముందు సాయంత్రమే సిద్ధం చేసి ఉంచేం. లంక వడ్లు ఇంకా రెండు రోజులకి పూస్తాయి అనుకున్నాం, అయినా ఎందుకైనా మంచిదని. ఈయన తలుపు తీస్తూ ఆ తొట్టె చూసేరు. నేను చూడలేదు. వెన్ను కొసన పువ్వులు కళ్ళు విప్పుతున్నాయి. అందుకే వచ్చి ఫ్యాన్లు కట్టెయ్యనా అని అడిగేరు. ఎందుకో చెప్పలేదు, ఆయన ఎప్పుడూ సగం మాటే అనేవారు. నేనేమో ఉడికిపోతామన్నాను.

కాసేపటికి ఫ్యాన్లు ఆగిపోయాయి. కట్టేసేరనుకున్నాను. గ్రీన్‌హౌసులో ఫ్యాన్లు ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలుసు. చెమట కారుతోంది. నేను తొట్టె దగ్గరికి వెళ్ళి పూత చూసి, "ఏవండీ, పూసింది!" అని కేకేసేను. పలకలేదు. మళ్ళీ పిలిచేను. వెళ్ళి చూస్తే షెడ్డులో స్విచ్చి బోర్డు కింద ఒరిగిపోయి ఉన్నారు. కరెంటు అనుకుని అందరూ భయపడ్డారు. కరెంటు కాదు, గుండె అన్నారు డాక్టరు గారు. గూడెం ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

లంకకి తీసుకెళ్ళిపోయేం. అక్కడ మా ఆయన అక్కగారు, అంటే నాకు వదిన, అన్నీ ఆవిడే చూసింది. వదినది చిన్నప్పుడే మొగుడు పోయిన బతుకు. నా పెళ్ళి నాటికే ఆవిడ అలా ఉంది. తమ్ముడు పోయేడని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. నన్ను మూల కూర్చోబెట్టి అన్నం ముద్దలు పెట్టింది.

చిన్నదినం నాడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారి స్కూటరు మీద వచ్చింది. ఆయన వాకిట్లోనే నిలబడిపోయేరు. అమ్మాయి నా పక్కన చాప మీద కూర్చుంది. నేనే అడిగేను.

"పూత ఎలా ఉంది మేడమ్ గారూ?"

"ఇప్పుడదెందుకత్తా."

"చెప్పండి."

"నేనూ పిన్నిగారూ చేస్తున్నాం. నాకింకా చెయ్యి తిరగలేదు, తిత్తులు లోపలే చిట్లిపోతున్నాయి. పిన్నిగారొక్కరికీ అన్ని వెన్నులూ అందటం లేదు. ఇంకో నాలుగైదు రోజులుంటుందేమో పూత. మీరు రండి అనడానికి నేను రాలేదు, ఒట్టు. మావయ్యగారి కోసం వచ్చేను."

నిజంగానే రమ్మనలేదు. మొహం కడుక్కుని వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళేక వదినతో అన్నాను. "పొద్దున్నే బస్సుకి వెళ్తానండి. పెద్దదినం లోపు వచ్చేస్తాను."

ఆవిడ చేతిలో చేట కింద పెట్టింది. "మతుండే అంటున్నావా? మైలలో గడప దాటి వెళ్తావా? పైగా పూత మీద చెయ్యేస్తావా? మొగుడు పోయిన ఆడది విత్తనాల గంపే ముట్టుకోదు. ఇన్నాళ్ళల్లో నేనెప్పుడన్నా ముట్టుకోడం చూసేవా? గంప వస్తోందంటే లోపలికి పోయేదాన్ని."

"చూశానండి."

"మరి? రేపు ఆ వెన్నులన్నీ గింజ కట్టక తాలు పోతే? ఆ పిల్ల చదువు నీ చేతుల్లో పోయిందంటారు. నువ్వు వెళ్ళకుండా పోతే అది దాని రాత. నువ్వెళ్ళేక పోతే అది నీ చెయ్యి. ఆ మాట మొయ్యగలవా?"

ఆ మాట నన్ను పట్టేసింది. ఆవిడ ద్వేషంతో అనలేదు. నాకూ లోపల అదే భయం. ఆ పిల్ల మొక్కలకి తెలీదంది గానీ, నాకు తెలుసు కదా. నా చెయ్యి ఇప్పుడు ఏ చెయ్యో నాకే తెలీదు. నిన్నటి దాకా పనికొచ్చిన చెయ్యి, ఇవాళ ఎవరి పసుపు గిన్నెకీ పనికిరాదు.

"ఆ పూత ముందు చూసింది మీ తమ్ముడేనండి" అన్నాను. "పూసిందని చెప్పడానికే వచ్చేరు. నేను వినలేదు. నేను వెళ్తాను."

వదిన చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చివరికి, "పో. గాజులు మాత్రం తియ్యకు. పెద్దదినం దాకా ఉండాలి. నీ చేత్తో నువ్వు తీసుకోకూడదు" అంది.

ఏలూరు దాకా ఆటో, అక్కణ్ణించి బస్సు. నా పక్క సీటులో ఎవరైనా కూర్చుంటే ఎడంగా జరిగేను. నన్ను చూసి పక్క బల్ల ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. జీవితంలో ఆవిడ మాట్లాడకుండా ఉండటం అదొక్కసారే చూసేను. తర్వాత అంది, "రా అక్కా, కూర్చో. నాకు అంటుకుంటే ఇంటికెళ్ళి తలకి పోసుకుంటాలే."

సాయంత్రం కత్తెర పట్టుకుని కూర్చున్నాను. మొదటి వెన్ను పట్టుకోగానే గాజులు కిందికి జారి ఠంగుమని తగిలాయి. నాలుగు తిత్తులు చిట్లి పసుపు రాలింది. ఆ పువ్వులు పనికిరావు, గిల్లి పారేసేను. గాజుల్ని మోచేతి పైకి నెట్టేను. మళ్ళీ జారాయి. గుడ్డ చుట్టేను. చెయ్యి తిరగట్లేదు. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి చూస్తోంది. బయట పొద్దు వాలిపోతోంది.

ఎప్పుడూ తీసినట్టే తీసేను. ఒక్కొక్కటీ. టిఫిన్ మూతలో పెట్టేను. పక్కావిడ "అక్కా" అంది. "పని చూసుకోవే" అన్నాను. తర్వాత చెయ్యి తేలిగ్గా తిరిగింది. కళ్ళు కూడా తడవలేదు. ఆ పని అలాంటిది, కన్ను తడిస్తే పువ్వు కనపడదు.

పూత ఉన్నన్నాళ్ళూ చేసేను. లేచేటప్పుడు మళ్ళీ తొడుక్కోలేదు. పెద్దదినం నాడు లంకలో ముత్తయిదువులు నా చుట్టూ చేరి చేతులు పట్టుకుని చూస్తే పగలగొట్టడానికి ఏమీ లేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వదిన మాత్రం "కానీండి, స్నానం చేయించండి" అంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

గింజ ముదిరేదాకా నాకు నిద్ర ఉంటే ఒట్టు. మేం ముగ్గురం చేసిన సంచులకి వేరే వేరే రంగు దారాలు కట్టేం, అది అక్కడ మామూలే, ఎవరి పని వాళ్ళకి తెలియాలని. నాది తెల్ల దారం. సంచులు విప్పే రోజున నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, లోపలికి వెళ్ళలేదు.

మొదట అమ్మాయివి విప్పింది. దాదాపు అన్నీ తాలే. మధ్యలో రెండు మూడు గింజలు. పక్కావిడవి విప్పింది. సగం కంటే ఎక్కువ తాలు, కొన్ని గింజలు. కత్తిరించిన పొట్టులోంచి గింజ ముక్కు బయటికి పొడుచుకొచ్చి కనపడుతుంది, చూడగానే తెలిసిపోతుంది. తర్వాత తెల్ల దారం.

"రండి అత్తా."

"మీరు చూడండి."

"మీరే చూడాలి. రండి."

వెళ్ళేను. తాలు. తాలు. మళ్ళీ తాలు. తర్వాత ఒక గింజ. పక్కనే ఇంకోటి. కింద కొమ్మకి మూడు వరసగా. అమ్మాయి అన్ని సంచులూ విప్పి వేరు వేరు గిన్నెల్లో పోసి పక్కపక్కన పెట్టింది. పక్కావిడదీ నాదీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఏమన్నా తేడా ఉందాండీ?" అన్నాను.

నేనేం అడుగుతున్నానో ఆ అమ్మాయికి తెలుసు. గిన్నెలు రెండూ నా ముందుకి జరిపింది. "తేడా లేదత్తా. చెయ్యి నేర్చుకున్నవాళ్ళు ఎవరు చేసినా ఇంతే కడతాయి."

ఎక్కువ కట్టాయని అంటే నేను నమ్మేదాన్ని కాదు. తక్కువ కట్టాయని అంటే చచ్చేదాన్ని. ఇంతే అంది. నా చెయ్యి మామూలు చెయ్యే.

ఆ గింజలతో అమ్మాయి చదువు నిలబడింది. పట్టా వచ్చింది, ఇప్పుడు వేరే ఊళ్ళో పాఠాలు చెప్తోంది. ఆ గింజల పిల్లల పిల్లలు ఇంకా గ్రీన్‌హౌసుల్లోనే ఉన్నాయట, ఏ రైతు చేలోకీ రాలేదు. కొన్ని ఉప్పుకి ఆగుతున్నాయట, కొన్ని పడిపోతున్నాయట. ఇంకా చూస్తున్నామంటారు. ఆ లోపల మా లంకలో మిగిలిన నాలుగు చేలూ చెరువులైపోయేలా ఉన్నాయి. ఈ పని అంతే బాబూ, తొందరపడేవాళ్ళు చేసేది కాదు. మీరొక్కటి చెయ్యండి. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఒక రోజు మొక్కకి దూరంగా నిలబడితే కేకలెయ్యకుండా ఎందుకని అడగండి. చెప్పేదాకా ఆగండి.

గింజ కట్టిందని చెప్పడానికి నేను లంకకి వెళ్ళేను. వదిన అరుగు మీద చేపలు ఎండబెడుతోంది. చెప్పేను. ఆవిడ పని ఆపలేదు.

"నీ చేతివి కూడా కట్టాయా?"

"కట్టాయండి."

"మొగుడున్న దానివీ నీవీ ఒకటేనా?"

"ఒకటేనండి. పక్కపక్కన పెట్టి చూసేం."

ఆవిడ చేప తిరగేసింది. ఇంకోటి తిరగేసింది. నా వైపు చూడకుండా, "అయితే ఇన్నాళ్ళూ నన్నెందుకు ఆపేరే?" అంది.

ఆవిడ పక్కన కూర్చుని నేను కూడా చేపలు తిరగేసేను.

చాలమ్మడూ, అక్కడ ఆపెయ్. ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు.